జ్వరం వస్తే మత్తు మీదకి తోసేయకండి

(చెన్నైలో తెలుగు కుటుంబాల కోసం, ఇక్కడి కాలేజీల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో ఒక ఛాతీ వ్యాధుల వైద్యురాలి ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్నది. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరస మొత్తం ఖాళీగానే ఉంది. డాక్టర్ మాట్లాడుతుందంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరు. నోరు తెరవమంటుందేమోనని భయం.

నాకు ఇచ్చిన అంశం ‘మత్తుపదార్థాలు, వాటి దుష్ప్రభావాలు’. ఈ పేరుతో మీలో చాలామంది స్కూల్లోనే వ్యాసం రాసి ఉంటారు. చదువు పోతుంది, పరువు పోతుంది, పోలీసులు పట్టుకుంటారు. అవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను. నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. మత్తు మానిపించమని నా దగ్గరికి ఎవరూ రారు. దగ్గు తగ్గట్లేదని వస్తారు, జ్వరం వదలట్లేదని వస్తారు, ఎక్స్‌రేలో మచ్చలున్నాయని ఎవరో పంపిస్తే వస్తారు. మత్తు సంగతి మాకు రెండో రోజో మూడో రోజో తెలుస్తుంది, అదీ అమ్మగారు బయట కాఫీకి వెళ్ళినప్పుడు.

మత్తు అలవాటున్న మనిషి పోతే పేపర్లో మోతాదు మించిందని వస్తుంది. అలా పోయేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ వార్డులో మేం రాసే కాగితం మీద కనిపించేవి న్యుమోనియా, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకే సెప్సిస్, టీబీ, లివర్ పాడవడం. అవి చూసి మత్తుతో సంబంధం ఉందని ఎవరూ అనుకోరు. ఆ సంబంధం గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

ఇది కొత్త సంగతేం కాదు. 1898లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కాంటాకుజెన్ అనే శాస్త్రవేత్త గినీ పందుల మీద ప్రయోగాలు చేశాడు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగి చంపుతాయని మొదట చెప్పిన మెచ్నికోవ్ దగ్గర పని చేసినవాడాయన. నల్లమందు ఇచ్చిన జంతువుల్లో ఆ మింగే పని మందగించింది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గిపోయింది. అంటే యాంటీబయాటిక్స్ రావడానికి నలభై ఏళ్ళ ముందే ఈ విషయం కాగితం మీద ఉంది. తర్వాత చాలాకాలం దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. హెచ్ఐవీ వచ్చాక మళ్ళీ దుమ్ము దులిపారు.

నల్లమందు నుంచి వచ్చేవీ, దాన్ని పోలి ఫ్యాక్టరీలో తయారయ్యేవీ కలిపి ఓపియాయిడ్లు అంటాం. బ్రౌన్ షుగర్, హెరాయిన్, మార్ఫిన్, కొన్ని రకాల నొప్పి మాత్రలు ఈ కుటుంబమే. ఇవి మెదడులో ఏ గ్రాహకాల మీద కూర్చుంటాయో, అలాంటివే తెల్ల రక్తకణాల మీదా ఉన్నాయి. అంటే మత్తు మెదడుకి మాత్రమే ఎక్కదు. వైరస్ పట్టిన కణాల్ని, క్యాన్సర్ కణాల్ని చంపే ఒక రకం తెల్లకణాలు సోమరులైపోతాయి. సూక్ష్మజీవిని మింగే కణాలు అది ఉన్నచోటికి ఆలస్యంగా చేరతాయి. ఇంకోటి, ఓపియాయిడ్లు వాడేవాళ్ళకి మలబద్ధకం తప్పదు. పేగు కదలిక తగ్గితే లోపలి బ్యాక్టీరియా పెరుగుతుంది, పేగు గోడ పట్టు సడలుతుంది, ఆ బ్యాక్టీరియా నెత్తురులోకి దారి చేసుకుంటుంది.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది దగ్గు. దగ్గు మందుల్లో కోడీన్ ఎందుకు వేసేవాళ్ళు? దగ్గుని అణుస్తుంది కాబట్టి. దగ్గంటే మనకి చిరాకు గానీ, ఊపిరితిత్తుల్లో చేరిన చెత్త బయటికి రావడానికి అదే దారి. బాగా మత్తులో ఉన్న మనిషి దగ్గడు, గట్టిగా ఊపిరి తీయడు. నోట్లోది, కడుపులోది ఊపిరి గొట్టంలోకి జారినా తెలియదు. రెండు రోజుల తర్వాత కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా. అసలు చిక్కేంటంటే, టీబీ ఉన్నా దగ్గు పైకి కనిపించదు. రెండు వారాలు దగ్గితే పరీక్ష చేయించుకోండని గోడల మీద రాస్తున్నాం కదా, ఈ మనిషి దగ్గడమే లేదాయె. మత్తుమందు దొరకని రోజు విపరీతంగా దగ్గుతాడు, దొరికిన రోజు ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు ఏమనుకోవాలి?

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను, లేకపోతే రేపు ఎవరో ఒకరు మార్ఫిన్ మానేస్తారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్కగా ఇచ్చే మార్ఫిన్‌ని మానకండి. తీవ్రమైన నొప్పి కూడా రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది. డాక్టరు రాసిచ్చినా రిస్కు బొత్తిగా లేదనను. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని రోగుల రికార్డులు చూసి 2018లో ఒక పరిశోధన వచ్చింది. డాక్టరు చీటీ మీద ఓపియాయిడ్లు వాడుతున్నవాళ్ళకి న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ బ్యాక్టీరియా తీవ్రంగా సోకే అవకాశం ఒకటిన్నర రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. అందుకే అలాంటి రోగులకి జ్వరం వస్తే త్వరగా చూపించుకోమంటాం. మందు మానేయమనం.

మీకు ఒక సందేహం రావాలి. మత్తు అలవాటున్నవాడు సరిగ్గా తినడు, నిద్రపోడు, ఎక్కడో ఇరుకు గదిలో పదిమందితో ఉంటాడు, పొగ తాగుతాడు. మరి రోగనిరోధక శక్తి తగ్గింది మందు వల్లా, తిండి లేకనా? న్యాయమైన ప్రశ్న. మనుషుల్లో ఈ రెంటినీ విడదీయడం కష్టం. అందుకే జంతువుల మీద ప్రయోగాలు చేస్తారు, వాటికి అద్దె గది సమస్య ఉండదు కదా. వాటిలో మందు ఒక్కటే చాలు, దెబ్బ కనిపిస్తుంది. 1989లో న్యూయార్క్ పరిశోధకులు మనుషుల్లోనే ఇంకో దారిలో చూశారు. సూదితో హెరాయిన్ తీసుకుంటున్నవాళ్ళలో నేను ఇందాక చెప్పిన చంపే కణాల పని బాగా తగ్గి ఉంది. హెరాయిన్ మానేసి, ఏళ్ళ తరబడి డాక్టర్ల పర్యవేక్షణలో, హెరాయిన్‌కి బదులు చికిత్సగా ఇచ్చే మెథడోన్ మీద ఉన్నవాళ్ళలో మాత్రం మామూలుగానే ఉంది. నాకు ఇది చాలా ముఖ్యమైన ఫలితం. పోయిన శక్తి తిరిగొస్తుంది. పూర్తిగా మత్తుమందు లేని జీవితమే కానక్కర్లేదు, ఎగుడుదిగుడులు లేని చికిత్స ఉన్నా తిరిగొస్తుంది.

ఇక మద్యం. హాల్లో ఇప్పుడు కొంచెం కదలిక వచ్చింది, గమనించాను. గంజాయి, హెరాయిన్ అంటే ‘అది మన పిల్లలు కాదులే’ అనుకుని హాయిగా వింటారు. 2019లో ప్రభుత్వం విడుదల చేసిన జాతీయ సర్వేలో, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు చేసిన లెక్క ప్రకారం, మన దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. సూదితో మత్తు తీసుకునేవాళ్ళు సుమారు ఎనిమిదిన్నర లక్షలు. నా వార్డులో మంచాలు ఎవరితో నిండుతాయో మీరే ఊహించుకోండి.

రోజూ గట్టిగా తాగేవాళ్ళకి టీబీ వచ్చే రిస్కు మూడు రెట్లు. మూడు శాతం అనుకునేరు, మూడు రెట్లు. ఊపిరితిత్తి లోపల గాలి తిత్తుల్లో ఉండి దుమ్మునీ బ్యాక్టీరియానీ మింగే కణాలు మద్యానికి బలహీనపడతాయి. ఊపిరి గొట్టాల్లో చెత్తని పైకి నెట్టే సన్నని నూగు నెమ్మదిస్తుంది. లివర్ తయారుచేయాల్సిన రక్షక ప్రోటీన్లు తగ్గుతాయి. పైగా తాగి వెల్లకిలా పడుకుని వాంతి చేసుకుంటే అది ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాతో వచ్చే న్యుమోనియా ఒకటుంది, ఊపిరితిత్తిలో కుహరాలు చేసేస్తుంది. ఆ రోగి కనిపిస్తే మేం వెంటనే అడిగే ప్రశ్నలు రెండే: షుగర్ ఉందా, తాగుతాడా?

‘మేం రోజూ తాగం మేడమ్, శనివారం ఒక్కరోజే’ అంటారు ఓఎంఆర్ రోడ్డు ఐటీ ఆఫీసుల కుర్రాళ్ళు. సరే. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పదిహేనుమంది యువతీ యువకులకి ఒకేసారి మత్తెక్కేంత వోడ్కా ఇచ్చి నెత్తురు పరీక్షించారు. 2015లో వచ్చింది ఆ ఫలితం. తాగిన ఇరవై నిమిషాలకి రోగనిరోధక వ్యవస్థ ఉన్నట్టుండి ఉరకలేసింది. రెండు గంటలకీ, అయిదు గంటలకీ చూస్తే ముందున్న స్థాయి కన్నా కిందకి పడిపోయింది. చిన్న అధ్యయనమే, దాని మీద మేడలు కట్టను. కానీ తాగి బైక్ మీంచి పడి కాలు విరిగినవాడి గాయం ఎందుకు త్వరగా మానదని సర్జన్లు తల పట్టుకుంటారే, దానికి ఇదొక ఆధారం.

సిగరెట్ గురించి ఒక్క ముక్క. ఇది మన చెన్నై లెక్క. డాక్టర్ గజలక్ష్మి బృందం చెన్నైలోనూ విల్లుపురం జిల్లాలోనూ చనిపోయిన 43 వేల మంది మగవాళ్ళ వివరాలు ఇల్లిల్లూ తిరిగి సేకరించింది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. పొగతాగే మగవాళ్ళు టీబీతో చనిపోవడం, తాగనివాళ్ళతో పోలిస్తే నాలుగు రెట్లకు పైగా ఉంది. సిగరెట్ అంటే క్యాన్సరే గుర్తొస్తుంది మనకి. మన దేశంలో సిగరెట్టూ బీడీ టీబీ దారిలోనూ అంతంత మందిని తీసుకుపోతున్నాయి.

మిగతావి త్వరగా చెప్తాను. గంజాయి పొగ కూడా పొగే, రోజూ తాగేవాడికి కఫంతో దగ్గు తప్పదు. సరిగ్గా ఆరబెట్టని ఆకుల్లో బూజు ఉంటుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకీ, కీమో తీసుకుంటున్నవాళ్ళకీ ఆ బూజు ఊపిరితిత్తుల్లో పెరిగితే ప్రాణాంతకం. కొకైన్‌లో, పశువులకి నులిపురుగుల మందుగా వాడే లెవామిసోల్ కలిపి అమ్మేవాళ్ళు. అది కొందరిలో తెల్లకణాల్ని దాదాపు సున్నాకి తెస్తుంది. గొంతునొప్పితో వచ్చి ఐసీయూలో తేలిన కేసులున్నాయి. అంటే మీరు కొన్నది ఒకటి, లోపలికి పోయింది ఇంకోటి. మెథ్ అనే ఉత్తేజక మత్తుమందు వాడేవాళ్ళకి నోరెండిపోయి పళ్ళు పుచ్చిపోతాయి, రోజుల తరబడి నిద్ర ఉండదు, రక్షణ లేని శృంగారం ఎక్కువ. మిగిలింది మీకే అర్థమవుతుంది.

ఇప్పుడు సూది దగ్గరికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆడపిల్లలున్నారు, చిన్నపిల్లలున్నారు, కొంచెం చూసి మాట్లాడండి అని నిర్వాహకులు చెప్పారు. చూసే మాట్లాడుతున్నాను, కానీ చీము అన్న మాట వాడకుండా ఇది చెప్పలేను.

ఈ మధ్య కొన్నేళ్ళుగా చెన్నైలో పోలీసులు పట్టుకునేవాటిలో టపెంటడాల్ లాంటి నొప్పి మాత్రల పేరు తరచుగా వింటున్నాం. నోట్లో వేసుకోవాల్సిన మాత్రని నరంలోకి ఎక్కిస్తున్నారు. మాత్రలో మందు కొంచెమే ఉంటుంది. మిగతాదంతా దాన్ని బిళ్ళగా నిలబెట్టే పిండి, టాల్క్, ఇంకా ఏవేవో. కడుపుకైతే వాటివల్ల నష్టం లేదు. నరంలోకి పోతే? చేతి నరంలో ఎక్కిందేదైనా గుండె కుడి భాగానికి చేరుతుంది, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి వస్తుంది. ఊపిరితిత్తులు నెత్తురికి జల్లెడలాంటివి, ఆ నలుసులన్నీ అక్కడే చిక్కుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు కట్టి, పాతికేళ్ళవాడు మెట్లెక్కడానికి ఆయాసపడతాడు. ఎక్స్‌రే చూసి టీబీ అనుకుని మందులు మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు.

నలుసులతో పాటు సూక్ష్మజీవులూ పోతాయి. మన చర్మం మీద స్టాఫ్ బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది, ఎవరికీ హాని చేయకుండా. సూది దాన్ని లోపలికి తీసుకెళ్తుంది. మొదట గుచ్చిన చోట గడ్డ కడుతుంది. తర్వాత అది నెత్తురులో కలిసి గుండె కుడివైపు కవాటం మీద తిష్ట వేస్తుంది. అక్కణ్ణుంచి చీము ముక్కలు రాలి రెండు ఊపిరితిత్తుల్లోకీ వస్తాయి. మిగతా రోగుల్లో గుండె కవాటం ఇన్ఫెక్షన్ ఎక్కువగా ఎడమవైపు చూస్తాం. కుడివైపు కనిపించిందంటే సూది గురించి అడగాల్సిందే. దీనికి వారాల తరబడి, చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాలు, నరం ద్వారా యాంటీబయాటిక్స్ పడాలి. మరి ఆ పిల్లవాడికి నరాలే మిగిలుండవు. బ్రౌన్ షుగర్‌ని కరిగించడానికి నిమ్మరసం వాడేవాళ్ళలో దానిలోని ఫంగస్ కంట్లోకి చేరి చూపు పోయిన కేసులు యూరప్‌లో 1980ల నుంచే రాశారు. ఒక్క నిమ్మకాయ చూడండి.

ఇదంతా ఒంటరిగా వాడుకునేవాడి కథ. పంచుకుంటే కథ మారిపోతుంది. ‘మేం సూది పంచుకోం ఆంటీ’ అంటారు, నిజమే చెప్తారు. కానీ నీళ్ళ గిన్నె ఒకటే, వడకట్టే దూది ఒకటే, కలిపే మూత ఒకటే. హెపటైటిస్ సి వైరస్ సిరంజిలో మిగిలిన నెత్తురులో ఎన్నాళ్ళు బతుకుతుందో 2010లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూశారు. కొన్ని రకాల సిరంజిల్లో 63 రోజుల దాకా బతికింది. రెండు నెలలు! బాత్రూమ్ అటక మీద దాచిపెట్టి మర్చిపోయిన సిరంజి కూడా భద్రం కాదన్నమాట. ముక్కుతో పీల్చే గొట్టం పంచుకున్నా, దాని మీద అంటిన నెత్తురుతో హెపటైటిస్ సి రావచ్చు.

హెచ్ఐవీ సంగతి చెన్నైవాళ్ళకి చెప్పాలా? దేశంలో మొదటిసారి హెచ్ఐవీ కనిపెట్టింది ఈ ఊళ్ళోనే. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల. నెత్తురు నమూనాల్ని వేలూరు తీసుకెళ్ళి పరీక్షించారు. అవి సెక్స్ వర్కర్ల నమూనాలు, అంటే లైంగిక మార్గంలో వచ్చినది. సూది దారి ఎంత వేగమో మనకి చూపించింది మణిపూర్. అక్కడ సూదితో హెరాయిన్ తీసుకునేవాళ్ళలో 1989లో మొదటి కేసులు బయటపడ్డాయి. ఏడాది తిరక్కుండానే పరీక్షించినవాళ్ళలో సగం మందికి పాకింది. లైంగిక మార్గంలో అంత వేగం రాదు. ఇప్పటికీ దేశంలో సాధారణ జనంలో హెచ్ఐవీ 0.2 శాతం దగ్గర ఉంటే, సూదితో మత్తు తీసుకునేవాళ్ళలో 2021 నాటి నిఘా లెక్కల్లో 9 శాతం.

హెచ్ఐవీ వచ్చాక టీబీ వెనకే వస్తుంది. బీచ్ నుంచి తాంబరం వెళ్ళే సబర్బన్ రైల్లో ‘తాంబరం శానటోరియం’ అన్న స్టేషన్ చూసే ఉంటారు. 1928లో టీబీ రోగుల కోసం డాక్టర్ చౌరీ ముత్తు మొదలుపెట్టిన చోటది. తర్వాత హెచ్ఐవీ రోగులకి పెద్ద దిక్కయింది. ఈ రెండు జబ్బులూ ఒకే ఆవరణలోకి ఎందుకొచ్చాయంటే, అవి ఒకే ఒంట్లో ఉంటున్నాయి కాబట్టి.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వచ్చాను. ఓపియాయిడ్ అలవాటున్నవాడికి మందు అందకపోతే ఏమవుతుంది? ముక్కు కారుతుంది, ఒళ్ళునొప్పులు, చెమటలు, వణుకు, రోమాలు నిక్కబొడుచుకోవడం, వాంతులు, విరేచనాలు. ఇన్ఫెక్షన్ వస్తే ఏమవుతుంది? ఇంచుమించు ఇవే! ఇంట్లోవాళ్ళు ‘మానేశాడు కదా, అందుకే ఇలా ఉన్నాడు, నాలుగు రోజులు ఓర్చుకుంటే పోతుంది’ అని తలుపేసి కూర్చోబెడతారు. కుర్రాడు కూడా అదే అనుకుంటాడు, ఒక డోస్ పడితే తగ్గుతుందని. నిజంగానే నొప్పి తగ్గుతుంది, బ్యాక్టీరియా తగ్గదు. నేను చూసినవాళ్ళలో బాగా బాధపెట్టినవాళ్ళు వీళ్ళే. మేనమామ ఇంట్లో ఉంటూ మానేయడానికి నిజంగానే ప్రయత్నిస్తున్న పిల్లవాడు, వారంపైగా జ్వరంతో పడి ఉంటే ‘విత్‌డ్రాయల్’ అనుకున్నారు. తీసుకొచ్చేసరికి రెండు ఊపిరితిత్తుల్లోనూ చీము గడ్డలు. బతికాడు. ఎన్నాళ్ళు పట్టిందో, ఆ మేనమామ ఎంత అప్పు చేశాడో చెప్పి మిమ్మల్ని ఏడిపించను.

గుర్తు పెట్టుకోండి. ఓపియాయిడ్ మానేసినప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు గానీ పెద్ద జ్వరం రాదు. థర్మామీటర్‌లో 100.4 దాటితే, సూది వాడిన మనిషికి అది ఇన్ఫెక్షన్ అనే లెక్క. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, అందులో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే కల్చర్ పరీక్షకి నెత్తురు తీయించాలి, ఆ తర్వాతే యాంటీబయాటిక్. మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని మింగించి తీసుకొస్తే కల్చర్‌లో ఏమీ పెరగదు, మేం గుడ్డిగా వెతుక్కోవాలి. మద్యం సంగతి వేరు. రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే జ్వరం, ఫిట్స్, పలవరింతలు వస్తాయి, ప్రాణం పోవచ్చు. అతన్నీ గదిలో పెట్టి తాళం వేయకండి, ఆసుపత్రిలోనే మాన్పించాలి.

డాక్టర్‌కి నిజం చెప్పండి. డాక్టర్లు కూడా వినడం నేర్చుకోవాలి, అది వేరే సభలో చెప్తాను. చెప్పకపోతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ అనే మందు మెథడోన్‌నీ, అలాంటి చికిత్సకే ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్‌నీ లివర్‌లో త్వరత్వరగా ఖర్చు చేసేస్తుంది. అవి చికిత్సగా తీసుకుంటున్న పిల్లవాడికి టీబీ మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఒళ్ళు పీక్కుపోతుంది. ‘టీబీ మందు పడట్లేదు’ అని అదే మానేస్తాడు. మాకు ముందే తెలిస్తే మోతాదు సరిచేస్తాం, లేదా మందు మారుస్తాం. తెలియక మానేసిన ఒక్కో కోర్సు మందులకి లొంగని టీబీకి దారి తీయొచ్చు. అది ఇంట్లో అందరికీ అంటుకునే జబ్బు.

ఏం దొరుకుతాయో కూడా చెప్పాలి. హెపటైటిస్ సి ఇప్పుడు నయమయ్యే జబ్బు. చాలామందికి 12 వారాలు, రోజూ మాత్రలు, సూదులు లేవు. 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. ఒకసారి నయమైనా మళ్ళీ పంచుకుంటే మళ్ళీ రావచ్చు, ఇది గుర్తుంచుకోవాలి. హెపటైటిస్ బికి టీకా ఉంది. సూది నుంచి బయటపడే దారిలో బ్యుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెట్టి ఇచ్చే కేంద్రాలున్నాయి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రాల్లో కొత్త సూదులు కూడా ఇస్తారు. ‘సూదులిచ్చి పాడుచేస్తారా’ అని కోపం వస్తుంది, నాకు తెలుసు. సూది ఇవ్వకపోతే మానేస్తారని ఎక్కడా తేలలేదు. ఇస్తే హెచ్ఐవీ తగ్గుతుందని, చికిత్సకి వచ్చేవాళ్ళు పెరుగుతారని మాత్రం చాలా దేశాల్లో తేలింది. మత్తు మానడానికి సాయం కావాలంటే 14446, హెచ్ఐవీ గురించి అడగాలంటే 1097. రెండూ ఉచితమే.

ఇంక మీరు అడగండి.

ప్రశ్న: మేడమ్, ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు ఇస్తే మా తమ్ముడికి కొంత ఉపయోగమా? వాడు తాగుతాడు.

కరోనా వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న ప్రతి సభలోనూ వస్తోందమ్మా. ఏ పొడీ మద్యం చేసే పని రద్దు చేయదు. పైగా తాగేవాళ్ళ లివర్ అప్పటికే ఇబ్బందిలో ఉంటుంది, ఏమున్నాయో తెలియని మూలికలు దాన్ని ఇంకా దెబ్బతీయొచ్చు. వేడి అన్నం, పప్పు, గుడ్డు పెట్టండి. డాక్టర్ దగ్గర బి1 విటమిన్ గురించి అడగండి, తాగేవాళ్ళలో అది లోపిస్తుంది. ఒకసారి కఫం పరీక్ష, లివర్ పరీక్ష చేయించండి.

ప్రశ్న: ఆసుపత్రిలో నిజం చెప్తే పోలీసులకి చెప్పేస్తారని మా ఫ్రెండ్స్ భయపడతారు.

ఆ భయం వల్ల ఎంతమంది ఆలస్యంగా వస్తున్నారో బాబూ. చట్టంలో ఏముందో విను. మత్తుపదార్థాల చట్టం 1985లోది. అందులో 64ఎ అనే సెక్షన్ ఉంది. సొంతానికి వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గరున్నందుకో కేసులో ఉన్న అలవాటుపడ్డ వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ, లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకి వస్తే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ మినహాయింపు పోవచ్చు. అమ్మేవాళ్ళకి ఇది వర్తించదు. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం ప్రకారం నీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. కేసు ఉంటే ముందు లాయర్‌ని కలవండి. కానీ జ్వరం ఉంటే లాయర్ కంటే ముందు ఆసుపత్రికి రండి.

ప్రశ్న: పొరపాటున వేరేవాళ్ళ సూది వాడేస్తే అప్పుడు చేయగలిగిందేమైనా ఉందా?

ఉంది. 72 గంటల లోపల హెచ్ఐవీ రాకుండా మందు మొదలుపెట్టొచ్చు, 28 రోజులు వాడాలి. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, రాత్రయినా క్యాజువాలిటీకి వెళ్ళండి, పొద్దున్నే చూద్దాం అనుకోవద్దు. హెపటైటిస్ బి టీకా పడిందో లేదో చూస్తారు. హెపటైటిస్ సికి అలా ముందు వాడే మందు లేదు, తర్వాత పరీక్ష చేసి వస్తే నయం చేస్తాం.

ప్రశ్న: మా అబ్బాయి హాస్టల్లో ఉంటాడు. మత్తు అలవాటేమీ లేదు. అయినా ఆ హెపటైటిస్ బి టీకా వేయించాలా? చిన్నప్పుడు ఒక డోసు పడినట్టు గుర్తు.

వేయించండి. మూడు డోసులు. మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. హాస్టల్ బార్బర్ బ్లేడు చాలు వైరస్‌కి, మత్తు అలవాటే ఉండక్కర్లేదు. పాత కార్డు వెతికి చూడండి. ఒక్క డోసే పడి ఉంటే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు, మిగిలిన రెండూ వేయిస్తే సరిపోతుంది.